ఆర్డరు వేసినవారు, అమలుచేసినవారు

కిందటి సంచికలో ఉప్పు తగ్గించుకోమని రాసినందుకు, ఆవకాయ జోలికి వస్తే బాగుండదని ఇద్దరు సోదరీమణులు ఫోను చేసి మమ్మల్ని మందలించారు. అందుచేత ఈ నెలకు బ్లడ్‌ప్రెషరును దాని మానాన వదిలిపెట్టి వేరే విషయం ఎత్తుకుంటున్నాము. డాక్టరుకు ఈ సంగతులెందుకు అనుకునేవారు కొంచెం ఓపిక పట్టాలని మనవి.

ఉగాది కార్యక్రమం ముగిశాక హాలు తుడిచి కుర్చీలు మడతపెట్టే పని కమిటీవారితోపాటు ఈసారి మామీద కూడా పడింది. ఖాళీ పులిహోర గిన్నెలు కార్లకెక్కిస్తూ వుంటే మా మిత్రుని కుమారుడు, హైస్కూలు ఆఖరి ఏడు చదువుతున్నవాడు, పక్కకు వచ్చి "అంకుల్, మీతో ఒక్క మాట" అన్నాడు. ఆ కుర్రవాడికి ఆర్.ఓ.టి.సి. స్కాలర్‌షిప్పు వచ్చేట్టు వుంది. అంటే కాలేజీ ఖర్చు సైన్యం పెట్టుకుంటుంది, చదువయ్యాక ఇతను కొన్నేళ్ళు ఆఫీసరుగా కొలువు చెయ్యాలి. ఈ మాట విన్న దగ్గర్నుంచీ ఇంట్లో తల్లి సరిగ్గా అన్నం తినటం లేదు. తండ్రి, "ఏడు సముద్రాలు దాటి వచ్చింది నీ చేతికి తుపాకీ ఇవ్వటానికా" అని ఒక్కసారి అని, తర్వాత మాట్లాడటం మానేశాడు. అమ్మానాన్నలకు నచ్చచెప్పమంటాడేమో అనుకున్నాము. అతని సందేహం అది కాదు. "వాళ్ళు నన్ను తప్పు పని చెయ్యమని ఆర్డరిస్తే నేనేం చెయ్యాలి అంకుల్?" అన్నాడు.

మేము తేలిగ్గా ఏదో చెప్పబోయేంతలో, అవతల కుర్చీలు మడతపెడుతున్న పెద్దాయన అందుకున్నారు. ఆయన కూతురి పురిటికని భార్యతో కలిసి వచ్చినవారు. కోస్తా జిల్లాల్లో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. "ఆర్డరు తప్పో ఒప్పో కూర్చుని ఆలోచించే తీరికుంటే దాన్ని డ్యూటీ అనరు బాబూ. రాళ్ళు పడుతున్నప్పుడు ఒక్కో కానిస్టేబులూ నిలబడి ధర్మశాస్త్రం విప్పితే వూరు తగలబడుతుంది. విప్పినవాడు ఇంటికి రాడు" అన్నారు.

"నాజీలు కూడా ఆర్డరు ప్రకారమే చేశామన్నారు కదా తాతగారూ" అన్నాడు కుర్రవాడు.

చుట్టుపక్కల నాలుగైదు కుర్చీల చప్పుడు ఆగిపోయింది. తండ్రి కొడుకువైపు ఉరిమి చూశాడు. పెద్దాయనకు మాత్రం కోపం రాలేదు. "అన్నారు. ఉరి కూడా తీశారు. నువ్వు చెప్పేది యుద్ధం ఓడిపోయినవాళ్ళ సంగతి. గెలిచినవాళ్ళను ఎవరడిగారో అదీ చదువు" అన్నారు. హాలు వాచ్‌మన్ దీపాలార్పే వేళ అయింది. అందరం బయటపడ్డాము. కుర్రవాడికి చెప్పవలసిన జవాబు మాత్రం మా దగ్గరే వుండిపోయింది.

ముందుగా పెద్దాయన పక్షాన రెండు మాటలు చెప్పాలి. గుండె ఆగిన రోగి మంచం చుట్టూ మేము ఆరేడుగురం చేరినప్పుడు నాయకుడు ఒక్కడే వుంటాడు. "ఎపినెఫ్రిన్" అంటే ఇచ్చెయ్యాలి, "చేతులు తియ్యండి, షాక్ ఇస్తున్నాం" అంటే తియ్యాలి. అప్పుడు చర్చ పెట్టుకుంటే రోగి దక్కడు. మనస్సాక్షి ఎప్పుడూ మంచే చెబుతుందని కూడా మేము అనుకోవటం లేదు. ఈ దేశంలోనే ఒక ఉదాహరణ వుంది. 1957 సెప్టెంబరులో అర్కాన్సా రాష్ట్రం లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ళ హైస్కూల్లో చేరటానికి వెళితే, గవర్నరు తన నేషనల్ గార్డు సైనికుల్ని గుమ్మంలో అడ్డం నిలబెట్టాడు. మూడు వారాలు తిరక్కుండా ప్రెసిడెంటు ఐసెన్‌హోవరు కేంద్ర సైన్యాన్ని దించి, ఆ నేషనల్ గార్డును కూడా గవర్నరు చేతిలోనుంచి తన చేతిలోకి తీసుకున్నాడు. నిన్న పిల్లలకు అడ్డం నిలబడ్డ దళమే ఆ తర్వాత వాళ్ళకు కాపలా కాయవలసి వచ్చింది. ఆ సైనికుల్లో ఎంతమందికి ఆ పని మనసుకు నచ్చి వుంటుంది? ఎవరి మనసుకు తోచినట్లు వాళ్ళు చేసి వుంటే ఆ పిల్లలు బడిగడప తొక్కేవారు కాదు. కనుక "మనస్సాక్షి చెప్పినట్లు చెయ్యి నాయనా" అని కుర్రవాడి భుజం తట్టి పంపేస్తే సరిపోదు.

ఈ ప్రశ్న మన దేశంలోనే ఒకప్పుడు నిప్పులా మండింది. ఇప్పుడు దాన్ని తలుచుకునేవారు తక్కువ. 1930 ఏప్రిల్‌లో ఉప్పు సత్యాగ్రహం సాగుతోంది. 23వ తేదీన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌నూ, మరికొందరు నాయకులనూ నిర్బంధించారన్న వార్తతో పెషావరులోని కిస్సా ఖ్వానీ బజారు జనంతో నిండిపోయింది. కిస్సా ఖ్వానీ అంటే కథలు చెప్పేవారి బజారు. సర్కారువారి సాయుధ మోటార్లు జనంలోకి దూసుకుపోయాయి, తుపాకులు పేలాయి. చచ్చినవాళ్ళు సర్కారు లెక్కలో పదుల్లో, జనం లెక్కలో వందల్లో వున్నారు. అక్కడ రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ రెండో బెటాలియన్ వాళ్ళనూ దించారు. హిమాలయాల్లోని గఢ్వాల్ కొండవాళ్ళు, హిందువులు. ఎదురుగా వున్నది పఠాన్లు, ముస్లిములు. వీళ్ళు వాళ్ళమీద కాల్చటానికి వెనకాడరని దొరల అంచనా. ఆ అంచనా తప్పింది. హవల్దారు చంద్రసింగ్ గఢ్వాలీ ముందు నిలబడ్డాడు. నిరాయుధుల మీద కాల్చమని సిపాయిలు చెప్పేశారు.

చంద్రసింగ్ పిరికివాడు కాదు, కొత్తగా చేరినవాడూ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులోనూ, మెసపొటేమియాలోనూ అదే సర్కారు తరపున పోరాడి వచ్చినవాడు. అన్నాళ్ళూ ఆజ్ఞ పాటించినవాడే ఆ ఒక్క ఆజ్ఞ దగ్గర ఆగాడు. తుపాకీ దొరలవైపు తిప్పలేదు, పారిపోలేదు. ఆయుధాలు తీసుకుంటే ఇచ్చేసి, కోర్టుమార్షల్ ముందు నిలబడ్డాడు. యావజ్జీవ శిక్ష వేశారు. జైలునుంచి బయటపడేసరికి 1941 వచ్చింది.

ఈ కథలో మమ్మల్ని నిద్రపోనివ్వని భాగం దీని తర్వాతిది. 1931 మార్చి 5న గాంధీగారికీ, వైస్రాయి ఇర్విన్‌కూ ఒడంబడిక కుదిరింది. వేలమంది సత్యాగ్రహ ఖైదీలు విడుదలయ్యారు. ఆ ఒడంబడికలోనే ఒక ముక్క వుంది: ఆజ్ఞ ధిక్కరించినందుకు శిక్షపడిన సైనికులకూ, పోలీసులకూ ఈ క్షమాభిక్ష వర్తించదు. ఉప్పు వండినవాడు ఇంటికి వెళ్ళాడు. ఉప్పు వండినవాణ్ణి కాల్చనన్నవాడు జైల్లోనే వుండిపోయాడు. ఆ సంవత్సరమే రౌండ్ టేబుల్ సమావేశానికి లండను వెళ్ళినప్పుడు ఒక ఫ్రెంచి పాత్రికేయుడు గాంధీగారిని దీని గురించి సూటిగా అడిగాడు. కాల్చమంటే కాల్చనన్న సిపాయి తాను చేసిన ప్రమాణాన్ని తప్పినవాడవుతాడని గాంధీగారి జవాబు. రేపు స్వరాజ్యం వచ్చాక ఈ సిపాయిలతోనే పని చేయించుకోవాలి, ఇవాళ ధిక్కరించటం నేర్పితే రేపు నాకూ అదే చేస్తారు అన్న భయాన్ని కూడా ఆయన దాచుకోలేదు. దేశానికంతటికీ శాసనోల్లంఘన నేర్పిన మనిషి నోట ఈ మాట విని మేము మొదట ఆశ్చర్యపోయాము, తర్వాత కోపం వచ్చింది. ఇప్పుడు ఆ కోపం కొంత చల్లారింది కానీ పూర్తిగా పోలేదు. ఆయన అడిగినదాంట్లో న్యాయం వుంది: తుపాకీ పట్టుకున్నవాడికి ఏ ఆజ్ఞ వినాలో ఎంచుకునే హక్కిస్తే, మర్నాడు అదే హక్కు మరో రకం మనిషి వాడుకుంటాడు. లిటిల్ రాక్ సంగతి అందుకే ముందు చెప్పాము. కానీ పెషావరు బజారులో ఆ క్షణాన బతికి బయటపడ్డవారికి ఈ న్యాయం ఎలా నచ్చచెబుతాము?

దానికి పదకొండేళ్ళ ముందు, 1919 ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్‌లో ఇంకో సిపాయి వరుస నిలబడింది. యాభై తుపాకులు, 1650 తూటాలు, సర్కారు ఒప్పుకున్న లెక్క 379 ప్రాణాలు. డయ్యరు పేరు మన పిల్లలకు కూడా తెలుసు. తుపాకీ పేల్చిన ఆ యాభైమందీ గూర్ఖాలతో సహా మన ఉపఖండపు మనుషులే. వారిలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు, తెలుసుకోవాలని మనకు ఎప్పుడూ తోచలేదు. ఆర్డరు వేసినవాడి పేరే చరిత్రలో మిగులుతుంది. అమలుచేసినవాడికి అదొక రకమైన చాటు.

ఇంక కుర్రవాడి ప్రశ్నకు చట్టం ఏమంటుందో చూద్దాం. ఇక్కడి సైన్యంలో సామాన్య సైనికుడు చేరేటప్పుడు చేసే ప్రమాణంలో, ప్రెసిడెంటు ఆజ్ఞలనూ, తన పై అధికారుల ఆజ్ఞలనూ సైనిక చట్టానికీ, నిబంధనలకూ లోబడి పాటిస్తానన్న మాట వుంటుంది. ఆఫీసరు హోదా తీసుకునేటప్పుడు చేసే ప్రమాణంలో ఆ మాటే లేదు. రాజ్యాంగాన్ని కాపాడతానని వుంటుంది. మేము ఇది చూసి కుర్రవాడికి ఫోను చేసి చెబితే, అతనికి ముందే తెలుసు. సైనిక న్యాయస్థానాల నియమావళి ప్రకారం, ఆజ్ఞ చట్టబద్ధమైనదేనని అనుకుని పాటించవలసిందే. కాదని ధిక్కరిస్తే ఆ చేటు ధిక్కరించినవాడిదే. అయితే నేరం చెయ్యమని బాహాటంగా చెప్పే ఆజ్ఞకు ఈ సూత్రం వర్తించదు. ఆజ్ఞకూ ఆజ్ఞకూ మధ్య గీత వుందన్నమాట. ఆ గీత ఎక్కడుందో ఇరవై రెండేళ్ళవాడు, నిద్రలేకుండా, పొగలో, ఒక నిమిషంలో తేల్చుకోవాలి.

మన దేశంలోనూ గీత వుంది. 1860 నాటి శిక్షాస్మృతి 76వ సెక్షనులో ఉదాహరణే సైనికుడిది: చట్టం చెప్పినదానికి అనుగుణంగా, పై అధికారి ఆజ్ఞ మీద గుంపుపై కాల్చిన సైనికుడు నేరం చెయ్యలేదు. 2024 జూలై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అదే సూత్రం 14వ సెక్షనుగా వుంది. మనవాళ్ళు ఈ వాక్యం చదివేటప్పుడు "చట్టానికి అనుగుణంగా" అన్న ముక్క మింగేసి మిగిలినది చదువుతారు. 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో సుప్రీంకోర్టు ఆ ముక్కను పైకి తీసింది. బూటకపు ఎన్‌కౌంటరు చేసి పై అధికారి చెప్పాడంటే కుదరదనీ, అటువంటి ఆజ్ఞ వచ్చినప్పుడు కాదనటమే పోలీసువాడి విధి అనీ, న్యూరెంబర్గు విచారణలను గుర్తుచేస్తూ మరీ చెప్పింది.

అది 2011 మాట. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువ వెటర్నరీ డాక్టరుపై జరిగిన ఘోరంలో నిందితులైన నలుగురు, పోలీసుల అధీనంలో వుండగానే కాల్పుల్లో చనిపోయారు. ఆ వంతెన దగ్గర జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఇక్కడ కూడా ఆ సాయంత్రం మిఠాయి పంచుకున్న ఇళ్ళు వున్నాయి. మా ఇంట్లో మిఠాయి పంచలేదు కానీ, మా శ్రీమతీ మేమూ టీ తాగుతూ "మంచి పని చేశారు" అనుకున్న మాట నిజం. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఇచ్చిన నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలనీ, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లనీ అందులో వుంది. సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఆ నివేదిక సంగతి చదివిన రోజు మేము టీ తాగుతూ అన్న మాట గుర్తుకొచ్చింది. ఆర్డరు ఎవరిచ్చారో కమిషన్లు తేల్చుకోనివ్వండి. ఆ పూలు చల్లినవాళ్ళదీ, ఇక్కడ మెచ్చుకున్న మావంటివాళ్ళదీ కూడా ఒక రకం ఆర్డరే కదా అని మా అనుమానం. రేపు ఆ ఉద్యోగంలోకి వచ్చే కుర్ర కానిస్టేబులు ఆ పూలను చూసే వుంటాడు.

ఇది ఒక్క మన జబ్బే కాదు. 1968 మార్చి 16న వియత్నాంలోని మైలై గ్రామంలో అమెరికా సైనికులు ఆడవాళ్ళనూ, పసిపిల్లలనూ, ముసలివాళ్ళనూ వందల సంఖ్యలో చంపారు. లెఫ్టినెంటు కాలీ, తన పై కెప్టెను ఆర్డరు అన్నాడు. కెప్టెను, నేను అలా చెప్పలేదన్నాడు. 1971లో కాలీకి యావజ్జీవం పడింది. కెప్టెనును నిర్దోషి అని వదిలేశారు. శిక్ష పడగానే ఈ దేశంలో జనం ఎక్కువమంది కాలీవైపే నిలిచారు. అతన్ని పొగుడుతూ చేసిన పాట రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. చివరికి అతను అనుభవించింది మూడేళ్ళ పైచిలుకు, అదీ చాలావరకు తన క్వార్టర్సులోనే. ఆ రోజు ఆకాశం మీదనుంచి చూసిన హెలికాప్టరు పైలట్ ఒకడున్నాడు, హ్యూ థాంప్సన్, ఇరవై నాలుగేళ్ళవాడు. గోతిలో దాక్కున్న పల్లెవాళ్ళకూ, తుపాకులతో వస్తున్న తన దేశపు సైనికులకూ మధ్య హెలికాప్టరు దింపాడు. వీళ్ళమీద కాలిస్తే మీరు వాళ్ళమీద కాల్చండి అని తన ఇద్దరు సహచరులతో చెప్పి, ఆ పల్లెవాళ్ళను బయటికి తెప్పించి వేరే హెలికాప్టర్లలో పంపేశాడు. వెనక్కి వెళ్ళి పై అధికారులకు రిపోర్టు చేశాడు. దానికి అతనికి దక్కింది బెదిరింపు ఫోన్లు, ద్రోహి అన్న పేరు. సైన్యం పిలిచి పతకం ఇచ్చేసరికి 1998 అయింది.

ఇంతకూ మా సంగతి. డాక్టర్లమైన మేమూ రోజంతా ఆర్డర్లు వేసేవాళ్ళమే. చీటీమీద రాసేదాన్ని ఇక్కడ ఆర్డరు అనే అంటారు. 1966లో హాఫ్లింగ్ అనే సైకియాట్రిస్టు, అతని తోటివారూ ఒక పరీక్ష ప్రచురించారు. ముక్కూ మొహం తెలియని డాక్టరొకడు రాత్రి వార్డుకు ఫోను చేసి ఫలానా మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. డబ్బా మీద రోజుకు 10కి మించరాదని రాసి వుంది. ఇరవై ఇద్దరు నర్సుల్లో ఇరవై ఒక్కరు మందు తీసుకుని రోగి దగ్గరికి బయలుదేరారు. అది ఉత్తుత్తి మందు, దారిలోనే ఆపేశారనుకోండి. ఇది మేము మెడికల్ కాలేజీలో చదివి నవ్వుకున్నాము.

ఇక్కడ రెసిడెన్సీ మొదటి సంవత్సరంలో ఒక రాత్రి మూడు గంటలకు ఫోను మోగింది. ఒక ముసలామె రక్తంలో పొటాషియం బాగా తక్కువ, 2.6 అని. సగం నిద్రలో పొటాషియం డ్రిప్ ఎక్కించమన్నాము. అవతలి నర్సు, మా అమ్మ వయసుంటుంది, "ఎక్కించను డాక్టర్. ఈమెకు కిడ్నీలు పనిచెయ్యవు. ఈ రిపోర్టు మీద నాకు నమ్మకం లేదు. మీరు వచ్చి చూడండి" అంది. మాకు ఒళ్ళు మండింది. నేను డాక్టర్ని, నేను చెబుతున్నాను అని గట్టిగా అన్నాము. "వినబడింది. మీరు చెప్పారనీ, నేను ఇవ్వలేదనీ చార్టులో రాశాను. వచ్చి చూడండి" అని ఫోను పెట్టేసింది. తిట్టుకుంటూ లేచి వెళ్ళాము. మళ్ళీ రక్తం తీసి పంపితే 6.4 వచ్చింది. మొదటి సీసా పక్క మంచం మనిషిది. మేము చెప్పిన డ్రిప్ ఎక్కి వుంటే ఆమె తెల్లవారి కాఫీ తాగేది కాదు. మర్నాడు ఆ నర్సుకు దణ్ణం పెట్టినంత పని చేశాము. ఆమె పెద్దగా సంతోషించలేదు. ఇరవై రెండేళ్ళలో ఇలా మూడుసార్లు కాదన్నాననీ, అందులో ఒకసారి తనదే తప్పయిందనీ, అప్పుడు మెమో ఇచ్చారనీ చెప్పి, ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె చేసినది ఆలోచిస్తే ఒక సంగతి కనబడుతుంది. ఆర్డరు వేసేవాడు సాధారణంగా దూరంగా వుంటాడు. మేము మంచం మీద, గవర్నరు బంగళాలో. ఫోనులో చెప్పినంత సులభంగా మంచం పక్కన నిలబడి చెప్పలేము. "ఎక్కించను" అనటంలో ఆమె మమ్మల్ని ధిక్కరించింది కొంచెం, మంచం దగ్గరికి రప్పించింది ఎక్కువ. ఆమె కాదన్నది రోగికి హాని చేసే పని. కాదని ఇంటికి పోలేదు, అక్కడే నిలబడింది, తన పేరుతో కాగితం మీద రాసింది. పెషావరు సిపాయీ, వియత్నాం పైలటూ చేసింది కూడా ఈ మాదిరిదే అనిపిస్తుంది. లిటిల్ రాక్‌లో సైనికుడెవడైనా "ఈ నల్లపిల్లలకు కాపలా కాయను" అని వుంటే దాన్ని మేము ఈ లెక్కలో వెయ్యము. కాపాడననటం వేరు, చంపననటం వేరు.

ఇంత తెలిసినట్లు రాస్తున్నాము కనుక ఒక సంగతి దాచటం బాగుండదు. హౌస్ సర్జన్సీ చేస్తున్నప్పుడు, మన రాష్ట్రంలోని ఒక సర్కారు ఆసుపత్రి క్యాజువాలిటీలో మాకు రాత్రి డ్యూటీ. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒక మనిషిని చెరో రెక్కా పట్టుకుని తెచ్చారు. ముప్ఫయ్యేళ్ళుంటాయి, లుంగీ, చొక్కా లేదు. మెట్లమీదనుంచి జారిపడ్డాడని చెప్పారు. వాపు వున్నది అరికాళ్ళకు. మెట్లమీద పడ్డవాడికి అరికాళ్ళు వాచవని చెప్పటానికి డాక్టరు కానక్కర్లేదు. మాపై డ్యూటీ అసిస్టెంటు గారిని పిలిచాము. ఆయన ఒక చూపు చూసి, "వాళ్ళు చెప్పినట్టు రాసెయ్యవోయ్. రేపు కోర్టుల చుట్టూ తిరిగేది నువ్వే" అన్నారు. ఊండ్ సర్టిఫికెట్లో జారిపడటం వల్ల అయిన దెబ్బలని రాసి సంతకం పెట్టాము. ఆ సమయంలో ఇద్దరిలో చిన్న కానిస్టేబులు, మా ఈడువాడే, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆ మనిషి చేత తాగించాడు. అతను మావైపు చూడలేదు, మేము అతనివైపు చూడలేదు. పైనుంచి అతనికి ఎవరో చెప్పారు, మాకు ఎవరో చెప్పారు. ఆ మనిషి ఏమయ్యాడో మేము కనుక్కోలేదు. అమెరికా వీసాకు కాగితాలు సర్దుకుంటున్న రోజులవి. పోలీసు క్లియరెన్సు కూడా కావాలి మరి.

ఈ సంగతి ఇంతవరకూ ఇంట్లో కూడా చెప్పలేదు. సంపాదకులు కొట్టెయ్యకపోతే మా శ్రీమతి కూడా మీతోపాటే చదువుతుంది.

కిందటి వారం పెద్దాయన తిరుగు ప్రయాణమవుతూ వుంటే మోకాళ్ళకు మాత్రలు రాసిద్దామని వెళ్ళాము. ముద్దపప్పు, గోంగూర పెట్టి భోజనం చెయ్యందే పంపలేదు. కుర్చీల దగ్గర మొదలైన మాట మళ్ళీ వచ్చింది. హాలులో అన్నంత గట్టిగా ఆయన ఇక్కడ అనలేదు. "తప్పు ఆర్డరు ఎప్పుడూ నోటిమాటగానే వస్తుంది డాక్టరు గారూ. కాగితం మీద రాసివ్వండి సార్, జనరల్ డైరీలో ఎక్కిస్తాను అని చూడండి. నా సర్వీసులో రెండే రెండుసార్లు ఆ మాట అన్నాను. ఒకసారి, సరేలే వద్దులే అన్నారు. రెండోసారి నన్ను ఏజెన్సీకి ట్రాన్స్‌ఫర్ చేశారు. మా పెద్దమ్మాయి టెన్త్ పరీక్షల ముందు."

అనని సార్లు ఎన్ని అని అడుగుదామనుకున్నాము. ఆవిడ పక్కనే కూర్చుని సూట్‌కేసులో పచ్చడి సీసాలకు బట్టలు చుడుతున్నారు. అడగలేదు. ఆయనే కాసేపటికి, "ఆ కుర్రాడికి చెప్పండి, కాగితం అడగమని. అడిగితే ఏమవుతుందో కూడా చెప్పండి. ఒకటి చెప్పి రెండోది దాచొద్దు" అన్నారు.

కుర్రవాడికి రెండూ చెప్పాము. శ్రద్ధగా విన్నాడు. చంద్రసింగ్ పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారని అడిగి రాసుకున్నాడు. తల్లి ఇంకా ఒప్పుకోలేదు. సంతకాలకు గడువు వచ్చే నెల పదిహేనట.